కేబుల్ కార్డులో ఖాళీ గడి

నెల మొదటి వారంలో మండపేట వీధుల్లో కేబుల్ అబ్బాయి బండి ఆగిందంటే చిన్న తగాదా ఖాయం. కలువపువ్వు సెంటర్ దగ్గరి మేడయినా, ఏడిద రోడ్డు వైపు పెంకుటిల్లయినా మాట ఒకటే. "మొన్నే కదయ్యా పెంచారు, మళ్లీ ఇదేంటి?" అని ఇంటావిడ గుమ్మంలోనే నిలదీస్తుంది. "నా చేతిలో ఏముందండీ, పైనుంచి పెంచేశారండి" అంటాడతను. ఆవిడ నమ్మదు. అతను చెప్పింది చాలావరకు నిజం. ఆవిడ కోపమూ న్యాయమే. ఇద్దరి మధ్యా ఒక లెక్క కాగితం ఉండాల్సిన చోట ఏమీ లేదు.

మూడు దశాబ్దాల కిందట వ్యవహారం వేరు. 1995లో జెమిని, ఈటీవీ మొదలయ్యేసరికి గోదావరి జిల్లాల ఊళ్లలో కేబుల్ ఆపరేటరంటే బాగా తెలిసినవాడే. డాబా మీద డిష్ పెట్టుకుని, కొబ్బరిచెట్ల మీదుగా, కరెంటు స్తంభాల మీదుగా తీగలు లాగి కనెక్షన్లిచ్చేవాడు. అదే ఏడు కేంద్రం కేబుల్ టెలివిజన్ చట్టం తెచ్చి, ఆపరేటర్లంతా హెడ్ పోస్టాఫీసులో రిజిస్టర్ చేసుకోవాలంది. ధర మాత్రం వీధి అరుగు మీదే తేలేది. కోతలయ్యాక ఇస్తామంటే ఆగేవాడు, పక్కింటికి తగ్గించాడని తెలిస్తే మనకీ తగ్గించేవాడు. వాన పడితే బొమ్మ పోయేది. ఏ ఊళ్లో ఎన్ని కనెక్షన్లున్నాయో ఛానళ్ల వాళ్లకు సరైన లెక్క అందేది కాదు. ఆ లోపం దిద్దడానికే 2011లో చట్టం సవరించి, దేశమంతా నాలుగు విడతల్లో డిజిటల్ చేశారు. మండపేట లాంటి మునిసిపాలిటీలు మూడో విడతలోకి వచ్చాయి. టీవీ పక్కకు సెట్ టాప్ బాక్స్ చేరింది. ఎవరింట్లో ఏ ఛానల్ వస్తోందో కంపెనీకి అణాపైసలతో తెలిసింది. ఎంతకు వస్తోందో ఇంటివాళ్లకు తెలియడం ఆ రోజు నుంచే తగ్గింది.

తర్వాత 2019 ఫిబ్రవరి 1 వచ్చింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త ధరల విధానం ఆ రోజు నుంచి అమలైంది. చూసే ఛానల్‌కే డబ్బు కట్టండి, చూడనిదానికి అక్కర్లేదు అన్నారు. వినడానికి ఇంతకన్నా న్యాయమైన మాట ఉండదు.

ఆనాటి లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడాలి. తీగ ఇంట్లోకి వచ్చినందుకే, ఏ పే ఛానలూ పెట్టకముందే, నెలకు 130 రూపాయల దాకా నెట్‌వర్క్ రుసుము. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. దీనికి వచ్చేవి వంద ఛానళ్లు, అందులో దూరదర్శన్‌వి ఇరవై పైచిలుకు తప్పనిసరి. ఇక తెలుగింట్లో సాయంత్రం పూట తిరిగే నాలుగు ఛానళ్లు చూద్దాం. స్టార్ మా 19, జెమిని 19, జీ తెలుగు 19, ఈటీవీ 17 రూపాయలుగా ఆనాటి ధరల పట్టికలో ప్రకటించారు. మొత్తం 74, పన్నుతో 87 రూపాయల 32 పైసలు. అంటే సీరియళ్లు తప్ప మరేదీ అడగని ఇల్లాలికి కూడా బిల్లు 240 రూపాయల 72 పైసలయింది. మనవడికి క్రికెట్, పెద్దాయనకు పాత సినిమాల ఛానల్ కావాలంటే ఆ పైన ఎక్కాల్సిందే. పది పెద్ద ఛానళ్లు ఎంచుకునేవాళ్ల బిల్లు 230, 240 నుంచి 300 దాకా పోవచ్చని రేటింగ్ సంస్థ క్రిసిల్ ఆ నెలలోనే లెక్కగట్టింది.

వేంకటేశ్వర స్వామి సేవలు చూడ్డానికి మాత్రమే టీవీ పెట్టే ముసలమ్మలు ప్రతి వీధిలో ఉన్నారు. ఎస్వీబీసీ ఉచిత ఛానల్. అయినా ఆ ఒక్కటీ చూడాలంటే నెట్‌వర్క్ రుసుము మొత్తం కట్టాలి. పింఛను డబ్బులో ఆ నూట యాభై ఎంత బరువో ధరలు కట్టినవాళ్లు ఒక్కసారయినా ఆలోచించి ఉండాల్సింది.

ఎంచుకోవచ్చన్న మాటను నీరుగార్చింది ప్యాకులు. విడిగా కొంటే ఛానల్ ఖరీదు, పదింటితో కలిపి కొంటే చవక. ప్రసార సంస్థలు ప్యాకుల మీద 70 శాతం దాకా తగ్గింపు ఇస్తున్నాయని 2019లో ట్రాయే గమనించింది. అంత తేడా ఉంటే విడిగా కొనేవాడెవడు? తగ్గింపు 15 శాతం దాటకూడదని ట్రాయ్ పెట్టిన నిబంధనను మద్రాసు హైకోర్టు అంతకుముందే కొట్టేసింది. చివరికి 2022 నవంబరులో పరిమితి 45 శాతం దగ్గర ఆగింది. ఈలోగా మండపేట ఇంట్లో ఎవరూ అడగని భాషల ఛానళ్లు, పిల్లల్లేని ఇంట్లో కార్టూన్ ఛానళ్లు బాక్సులో చేరిపోయాయి. రిమోట్ నొక్కుతూ వాటిని దాటుకుపోవడం అలవాటయింది. డబ్బు మాత్రం వాటికీ పోతోంది.

మరి గుమ్మంలో తిట్లు తినే కుర్రాడికి ఏం మిగులుతోంది? ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే నెట్‌వర్క్ రుసుములో 55 శాతం సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీది, 45 శాతం ఊళ్లో ఆపరేటర్‌ది. రుసుము 130 అయితే అతనికొచ్చేది 58 రూపాయల 50 పైసలు. పే ఛానల్ ధరలో పంపిణీదారులకు ఇచ్చేది కనీసం 20 శాతం, దాన్నీ అదే లెక్కన పంచుకోవాలి. 19 రూపాయల ఛానల్ మీద ఊరి ఆపరేటర్‌కు దక్కేది రూపాయి 71 పైసలు. గాలివానకు కొబ్బరిమట్ట పడి తీగ తెగితే నిచ్చెనెక్కేది, కుర్రాళ్లకు జీతాలిచ్చేది, స్తంభాల అద్దె కట్టేది ఆ డబ్బుతోనే. "పైనుంచి పెంచారండి" అన్న మాట వెనక ఇంత ఉంది. ఇది అతను చెప్పుకోలేడు, గుమ్మంలో నిలబడి శాతాలు వివరించే తీరిక ఎవరికీ లేదు.

మధ్యలో ఒక మంచి ప్రయత్నం జరగకపోలేదు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ఏపీ ఫైబర్ గ్రిడ్‌ను జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, ఫోను, 250 దాకా ఛానళ్లు అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా 20 వేల కిలోమీటర్లకు పైగా ఫైబర్ పరిచారు. ఇళ్లకు చేర్చే పని ఊరి కేబుల్ ఆపరేటర్లకే అప్పజెప్పారు, వాళ్ల పొట్ట కొట్టకుండా. ఆలోచన గొప్పది, మన రాష్ట్రం గర్వపడాల్సింది. కానీ ఆ 149 ధర నిలవలేదు. అది నిలిచి ఉంటే పెద్ద కంపెనీలకు ఎదురుగా జనం చేతిలో ఒక కొలత ఉండేది.

2023 ఫిబ్రవరిలో కొత్త ధరలకు సంతకాలు పెట్టని కేబుల్ సంస్థలకు స్టార్, జీ, సోనీ సిగ్నళ్లు ఆపేశాయి. నాలుగున్నర కోట్ల ఇళ్లలో ఛానళ్లు పోయాయని కేబుల్ సంస్థల సమాఖ్య చెప్పింది. కొద్ది రోజుల్లో రాజీ కుదిరింది. ముందే డబ్బు కట్టినవాళ్లు ఆ రోజుల్లో నల్లటి తెర చూశారు, తప్పెవరిదో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. 2024 జులైలో ట్రాయ్ నెట్‌వర్క్ రుసుము మీద ఉన్న గరిష్ఠ పరిమితిని కూడా ఎత్తేసింది. పోటీ ఉంది కనుక ధర దానంతటదే అదుపులో ఉంటుందన్నది ట్రాయ్ నమ్మకం. హైదరాబాదులో అది నిజం కావచ్చు. వీధికి ఒక్క తీగే వచ్చే చోట పోటీ ఎక్కణ్నుంచి వస్తుంది? 2025 సెప్టెంబరులో పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. టీవీ చవకైంది, అందులో బొమ్మ రావడానికి కట్టే డబ్బు మీద 18 శాతం పన్ను అలాగే ఉంది.

కుర్రకారు ఈ గొడవ ఎప్పుడో వదిలేశారు. ఫోనులో ఐపీఎల్, ఆహాలో సినిమా, యూట్యూబులో మిగతావన్నీ. దేశంలో డిష్ ద్వారా చూసే డీటీహెచ్ చందాదారులు 2024 మార్చిలో దాదాపు 6.2 కోట్లు, ఏడాది తిరిగేసరికి 5.7 కోట్లు. ఉన్నవాళ్లు తగ్గుతుంటే ఆ భారం మిగిలినవాళ్ల మీదే పడుతుందని ఆపరేటర్లు భయపడుతున్నారు. మిగిలేది ఎవరు? ఫోను తెర కళ్లకు ఆనని పెద్దవాళ్లు, డేటా కొనలేనివాళ్లు, రైసు మిల్లులో పగలంతా బస్తాలు మోసి వచ్చి అరగంట టీవీ ముందు కూలబడేవాళ్లు. 2022 మేలో అమలాపురం అల్లర్లప్పుడు కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేస్తే ల్యాప్‌టాప్ పట్టుకుని సిగ్నల్ కోసం కుర్రాళ్లు గోదావరి గట్లకు పరుగెత్తారు. ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని వార్త తెలుసుకోవడానికి టీవీయే దిక్కయింది. ఆ ఏడే జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక వచ్చి, వరద పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో చుట్టాలున్న ప్రతి ఇల్లూ టీవీకి అతుక్కుపోయింది. ఆ ఇళ్లకు కేబుల్ తీగ విలాసం కాదు.

చవకగా దొరికే దారి ఒకటుంది, దూరదర్శన్ వారి ఫ్రీ డిష్. డిష్, బాక్స్ ఒకసారి కొనుక్కుంటే నెల నెలా కట్టేదేమీ లేదు. దూరదర్శన్ సప్తగిరి వస్తుంది, స్టార్ మా, జీ తెలుగు లాంటి పే ఛానళ్లు రావు. సాయంత్రం సీరియల్ పోతుందంటే ఆ డిష్ పెట్టించుకోవడానికి ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోమనడం కూడా సబబు కాదు. రోజంతా చాకిరీ చేసినవాళ్ల గంటసేపు విశ్రాంతి అది.

కట్టిన డబ్బుకు రసీదు ఇవ్వాలని నిబంధనల్లోనే ఉంది. ఆ రసీదు మీద నాలుగు ముక్కలు తెలుగులో రాస్తే చాలు. నెట్‌వర్క్ రుసుము ఇంత, ఫలానా ప్యాకు ఇంత, పన్ను ఇంత, ఏది ఎప్పుడు ఎంత పెరిగిందన్నది. ప్యాకు వద్దు, మాకు ఈ ఆరు ఛానళ్లు చాలు అని ఇంటావిడ గుమ్మంలోనే చెబితే ఆ అబ్బాయి తన ఫోనులోనే మార్చగలిగే వీలు కంపెనీ ఇవ్వాలి. ఇవేవీ కష్టమైన పనులు కావు, బాక్సులన్నీ కంపెనీ కంప్యూటర్లకు కలిసే ఉన్నాయి. ప్రస్తుతానికి చాలా ఇళ్లలో క్యాలెండరు మేకుకు ఒక అట్టకార్డు వేలాడుతోంది. దానిమీద పన్నెండు నెలల పేర్లు, ఒక్కో నెల ఎదురుగా పొట్టి సంతకం. ఎంత, ఎందుకు అని రాయాల్సిన గడి ఖాళీ.