నూరు గ్రాముల తగవు

చాంద్రాయణమంటే చంద్రకళలతో పాటు అన్నం కబళాలు పెంచుతూ, తగ్గిస్తూ చేసే వ్రతమని మా నాయనగారు చెప్పేవారు. మా చాంద్రాయణగుట్టలో ఆ వ్రతం పట్టినవారెవరూ నాకు తగల్లేదు గాని, మా ఇంట్లో మాత్రం ఒక పిల్ల నెల రోజులుగా గ్రాములు పెంచుతూ, తగ్గిస్తూ అదే దీక్షలో ఉన్నది.

ఆమె మా చెల్లెలి కూతురు. ఇంజనీరింగు మూడో ఏడు. నలుగురు విద్యార్థులు కలిసి పది సెంటీమీటర్ల ఘనమంత ఉపగ్రహాన్ని కంప్యూటరులో రూపొందించాలట. బరువు కిలో 300 గ్రాములు మించరాదు. సెలవులు గనుక ఒకడు వరంగల్లులో, ఒకతె గుంటూరులో, మరొకడు డల్లాసులో అక్కగారింట్లో. మా పిల్ల మా వసారాలో. బొమ్మ మాత్రం ఒక్కటే! ఆన్‌షేప్ అని ఇంటర్నెట్టు మీదనే గీసే సాధనమున్నది. గుంటూరు పిల్ల పలక జరిపితే ఇక్కడి తెర మీద జరుగుతుంది.

మావారు డ్రాయింగు బల్ల ముందే ఉద్యోగమంతా గడిపినవారు. వారి కాలంలో ఒక విభాగం పంపిన నీలి కాగితం ఎర్రసిరా గీతలతో తిరిగి రావడానికి వారాలు పట్టేది.

"ఎవరి గీత ఎవరు చెరిపారో తెలిసేదెట్లాగే?" అన్నారు.

"పేరూ, వేళా పడతాయి పెద్దనాన్నా. కావాలంటే పాతదానికి పోవచ్చు" అన్నది.

మాకు రాకెట్ల మాట కొత్త కాదు. పక్కనే కాంచన్‌బాగ్. క్షిపణులు చేసే డి.ఆర్.డి.ఎల్. అక్కడే, రాకెట్లకు గట్టి ఉక్కు పోసే మిశ్ర ధాతు నిగమ్ 1973 నుంచీ అక్కడే. కాని మాకు తెలిసినవి ఆ ప్రహరీ గోడలే. ఇప్పుడు ఆ విద్య వసారాలోకి వచ్చి కాఫీ అడుగుతున్నది.

అందరూ ఒక్కసారే కూర్చుని అంతరిక్ష నౌకను రూపొందించే పద్ధతి 1995లో అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో మొదలైంది. 1998లో యూరపువారు హాలెండులో అటువంటి గదే కట్టారు. ఒకరు అంకె మారిస్తే అందరి లెక్కలూ వెంటనే మారాలన్నది అసలు కిటుకు. అంకె అందరికీ ఒకటి కాకపోతే ఏమవుతుందో 1999 సెప్టెంబరులో తెలిసింది. అంగారకుని చేరబోయిన నౌకకు ఒక బృందం పౌండ్లలో లెక్క ఇస్తే, ఇంకో బృందం న్యూటన్లనుకున్నది. నౌక నాశనమైపోయింది.

మా పిల్లల తగవు బ్యాటరీతో వచ్చింది. నాసావారు ఉచితంగా ఇచ్చే జీమాట్ అనే సాధనంలో వరంగల్లు కుర్రవాడు కక్ష్య నడిపి చూశాడు. 500 కిలోమీటర్ల ఎత్తున భూమిని చుట్టడానికి దాదాపు 95 నిమిషాలు. అందులో 35 దాకా చీకటే. పెద్ద బ్యాటరీ పెట్టక తప్పలేదు. నలుగురి పట్టికలోనూ మొత్తం ఎర్రబడింది. నూరు గ్రాములు ఎక్కువ! తీసేయడానికి వీలైనది ఒక్కటే, మా పిల్ల కెమెరా. ఆ నెలంతా అది దాని కోసమే మేలుకున్నది.

"తీగలూ, మరలూ రాయకు. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు డల్లాసు కుర్రవాడు, జాలిపడి.

"నా గడిలో అబద్ధం రాస్తే మీ ముగ్గురి లెక్కా తప్పేగా" అని కెమెరా గడిలో సున్న వేసింది. ఆ రాత్రి పెరుగన్నం కూడా ముట్టలేదు. నేను బలవంతం చేయలేదు.

తెల్లవారి మావారు కళ్లజోడు తుడుచుకుని ఆ బొమ్మ ముందు చాలాసేపు కూర్చున్నారు.

"పక్క పలకలు ఇంత నిండుగా ఎందుకే? అంచులు ఉంచి నడుమ కిటికీలు కోయించరాదూ!"

గుంటూరు పిల్లకు ఫోను వెళ్లింది. మధ్యాహ్నానికి కిటికీలు పడ్డాయి. పలకలు వంగుతాయేమోనని బలం లెక్క కూడా కట్టారు. 66 గ్రాములు తగ్గింది.

ఇంకా 34 కావాలి. గుంటూరు పిల్ల మళ్లీ పలకల మీద పడింది. మావారు పేపరు మడిచి, కుర్చీ వసారా వైపు జరుపుకున్నారు.