దేవుని నమ్మనివారి నీతి

"దేవుడు లేడనువానికి నీతి యెక్కడిది?" అని మా పిడుగురాళ్లలో సాయంకాలము అరుగులపై చేరిన స్త్రీలు వాదించుకొనుట కలదు. భారత భాగవతములు చదివి పెరిగిన మాకును ఈ ప్రశ్న చిన్నదిగా తోచదు. నరకభయము తీసివేసినచో మనుజుని చేయి పట్టి ఆపునదేమి?

గోరా యని లోకము పిలిచిన గోపరాజు రామచంద్రరావుగారికి నాస్తికభావముల నిమిత్తము 1933లో కాకినాడలో కళాశాల యుద్యోగము పోయినది. స్వలాభమే చూచుకొనువాడైనచో నోరు మూసికొని కొలువు నిలుపుకొనియుండును గదా! ఆయనయు, భార్య సరస్వతిగారును 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తికకేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడకు మారినది. తమ పెద్దకుమార్తెను అస్పృశ్యులనబడిన కులమునకు చెందిన యువకునకిచ్చి 1948లో సేవాగ్రామమున వివాహము చేసిరి. కులము లేదని సభలలో చెప్పువారు పెక్కుమంది. కన్నబిడ్డ పెండ్లిలో చూపువారెందరు? మా పలనాటి వినుకొండ కవి జాషువాగారి కుమార్తె హేమలతగారు ఆ యింటి కోడలై, దొంగలని ముద్రపడిన స్టువర్టుపురము కుటుంబముల బాగు కొరకు భర్త లవణముగారితో కలిసి పాటుపడిరి. వీరిని నడపినది స్వర్గాపేక్ష కాదు.

ఈ వాదము ఈ నడుమ మా చుట్టములయింట కన్నీటివరకు వచ్చినది. వరుడు యోగ్యుడే, కాని దైవమునందు నమ్మకము లేదని పెండ్లిచూపులనాడే చెప్పివేసినాడు. "పాపభీతి లేనివాడు రేపు నా బిడ్డను నడివీధిలో విడిచిన అడ్డమేమి?" అని తల్లి యేడ్చినది. ఆడుబిడ్డను గన్నవారి భయమును నవ్వి త్రోసివేయరాదు. అయితే పిల్ల మెల్లగా, "అమ్మా, అతడు అబద్ధమాడియు నన్ను చేసికొనవచ్చును. ఆడలేదు" అన్నది. తల్లి మారుపలుకలేదు. ఇంతకంటె మంచి పరీక్ష మాకును తోచలేదు.

పాపభీతి యెల్లవేళల అడ్డుపడునా? మిరపకాయ కోతకు పోవు స్త్రీల కూలిలో కోత పెట్టువారు, కాటాలో చేయి చూపువారు ఉదయమున కొబ్బరికాయ కొట్టియే బయలుదేరుదురు. హుండీలో కొంత వేసిన లెక్క సరిపోవునని ధీమా కాబోలు! భక్తులందరు నిట్టివారని మా భావము కాదు. నాస్తికులందరు గోరాలును కారు.

విదురుడు ధృతరాష్ట్రునకు జెప్పిన నీతులలో, తనకు అప్రియమైనది ఒరులకు చేయరాదని యొకటి కలదు. అచ్చట కొలబద్ద తన మనస్సే. మా అత్తగారు నిత్యపూజ మానరు. మొన్న వేసవిలో సున్నపుబట్టీ పనినుండి వచ్చిన యొక స్త్రీ మంచినీళ్లడుగగా, ఉప్పు వేసి చెంబెడు మజ్జిగ యిచ్చినారు. "పుణ్యము కొరకా అత్తయ్యా?" అని యడిగితిమి. "పుణ్యమేమిటే, ఎండన పడి వచ్చినది గదా!" అని లోనికి పోయి మరియొక చెంబు తెచ్చినారు.