గండికోట మీద గులాబీ నెబ్యులా

రోజెట్ నెబ్యులా హైదరాబాదులో మా మేడ మీంచి కూడా దొరుకుతుంది. హైడ్రోజన్ వెలుగును మాత్రమే వదిలే ఫిల్టర్ బిగిస్తే వీధిదీపాలు పెద్దగా అడ్డం రావు. చుక్కల అసలు రంగులు కావాలంటే మాత్రం చీకటి ఉండాల్సిందే. అందుకే సంక్రాంతి తర్వాతి అమావాస్యకు టెలిస్కోపు, మౌంటు, 12 వోల్టుల బ్యాటరీ కారులో వేసుకుని, జమ్మలమడుగు మీదుగా గండికోట చేరాం.

నా టెలిస్కోపు లెన్సు 80 మిల్లీమీటర్లే. చూసినవాళ్లు ‘ఇంతేనా?’ అని పెదవి విరుస్తారు. ఈ పనికి చిన్నదే మేలు. ఆకాశంలో రోజెట్ నిండు చందమామకు రెండింతలు పైగా వెడల్పు ఉంటుంది. పెద్ద టెలిస్కోపులో ఒక రేకు తప్ప పట్టదు.

మౌంటును ధ్రువుడికి సరిచూసుకోవడంతోనే సగం ఓపిక అయిపోతుంది. ఇక్కడ ధ్రువ నక్షత్రం నేలకు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, తుమ్మచెట్టు ఒకటి చాలు దాన్ని మింగేయడానికి. హోటల్ దీపాలకు దూరంగా, ఉత్తరం తెరిపిగా ఉన్న బండనేల వెతికి పట్టుకున్నాం.

ఆర్ద్ర నుంచి ప్రోసియాన్ వైపు మూడోవంతు దూరం జరిగితే ఐపీసులో రెండు వరుసలుగా ఆరు చుక్కలు కనిపించాయి. నెబ్యులా జాడే లేదు. కెమెరా తగిలించి మూడు నిమిషాల ఎక్స్‌పోజర్ ఇస్తే, ల్యాప్‌టాప్ తెర మీద ఎర్రటి వలయం పలచగా తేలింది. మామూలు కెమెరాల్లో ఈ ఎరుపును కోసేసే ఫిల్టర్ ఉంటుంది; నా కెమెరాకు దాన్ని తీయించాను.

అటుగా వచ్చిన గొర్రెల కాపరి పెద్దాయన కాసేపు నిలబడి, “పిల్లలకోడిని చూపిస్తావా నాయనా?” అన్నాడు. ఎక్స్‌పోజర్ నడుస్తుండగా టెలిస్కోపు కదపలేను. బైనాక్యులర్స్ ఇచ్చాను.

“ఓయబ్బ, ఇన్ని పిల్లలుండాయా!”

ఆయన పిల్లలకోడి అన్నది కృత్తికలనే. ఆ పిల్లలకు దాదాపు పది కోట్ల ఏళ్లు, పుట్టిన వాయువు ఎప్పుడో చెదిరిపోయింది. రోజెట్ నడుమ ఉన్న గుంపుకు ఇంకా యాభై లక్షల ఏళ్లు కూడా నిండలేదు. దూరం సుమారు 5,000 కాంతి సంవత్సరాలు. వాటి అతినీలలోహిత కాంతికే చుట్టూ ఉన్న హైడ్రోజన్ ఎర్రగా వెలుగుతోంది.

పెద్దాయన తెర మీద వేలు పెట్టాడు. “నడిమధ్యన బొక్కేంది?”

ఆ చుక్కల నుంచి వీచే గాలి వాయువును బయటికి తోసేస్తోందని చెప్పాను. “పుట్టిన కొంపనే ఊడ్చేస్తాండాయా!” అని నవ్వుకుంటూ పోయాడు.

అర్ధరాత్రి దాటాక లెన్సు మీద మంచు పట్టబోతే హీటరు పట్టీ చుట్టాం. చివర్లో మూత పెట్టి డార్క్ ఫ్రేములు తీసి, సామాను సర్దాం.

ఇంటికొచ్చి ఫ్రేములన్నీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చాను. నీలం, బంగారు రంగులు అద్దే ఫ్యాషన్ ఒకటుంది, నాకది గిట్టదు. ఎరుపును ఎరుపుగానే ఉంచాను. ఆ ఆరు చుక్కల్లో ఒకటి పసుపుగా తేలింది. 12 మోనోసెరోటిస్ అది. గుంపులోది కాదు, మనకు చాలా దగ్గరగా ఉండి అదే వరుసలో కనిపిస్తుంది. మేడ మీద తీసిన పాత ఫొటోలో ఆరూ ఒకే తెలుపు.