రెండో చరణం దాకా ఎవరు మేలుకోవాలి?

మా పై వాటాలో ఒక పసివాడున్నాడు. వాణ్ణి నిద్రపుచ్చడానికి రాత్రి పదిన్నరకి ఫోనులో జోలపాట పెడతారు. పాట మధ్యలో సిమెంటు ప్రకటన ఒకటి గొంతు చించుకుంటుంది. వాడు కెవ్వుమంటాడు. మళ్ళీ మొదటి నుంచి పాట. ఈ తంతులో వాడు ఎప్పటికో పడుకుంటాడు, కింద నేను పంఖా చూస్తూ ఉంటాను.

ప్రకటన సంగతి పోనివ్వండి. నా తగువు పాటతోనే. అది మరీ బాగుంటుంది. జోలపాటకి అంత బాగుండే హక్కు లేదు.

1986లో వచ్చిన ‘స్వాతిముత్యం’లోని లాలిపాటనే తీసుకోండి. ఇళయరాజా బాణీ, సినారె సాహిత్యం, సుశీలమ్మ గొంతు. పేరు పెట్టడానికి లేదు, అదే దాని తప్పు. మొదటి చరణంలో కౌసల్యా యశోదా వచ్చి పోతారు. సరే, తల్లులు కదా అనుకుంటాం. రెండో చరణంలో అన్నమయ్య, గోపన్న, శ్యామశాస్త్రి, త్యాగయ్య వరసకట్టి దిగుతారు. వాగ్గేయకారుల సభ జరుగుతుంటే ఏ పిల్లవాడు కళ్ళు మూస్తాడు? నాకైతే ‘త్యాగయ్య ఇంకా రాలేదే’ అని ఉన్న కునుకు కూడా ఎగిరిపోతుంది. అంతకు ముందు, 1955 నాటి ‘సంతానం’లో, లతా మంగేష్కర్ తెలుగులోకి అడుగుపెట్టిందే తమ్ముణ్ణి నిదురపొమ్మనే పాటతో. బాణీ సుసర్ల దక్షిణామూర్తి. ఆవిడ నిదురపొమ్మంటే ఊళ్ళో ఒక్కడైనా పోయి ఉంటాడా? అందరూ రేడియో దగ్గరికి జరిగి కూర్చుని ఉంటారు.

మా నాయనమ్మకి ఈ ఇబ్బంది లేదు. ఆవిడ దగ్గర ఉన్నది ఒకటిన్నర ముక్క పాట. దూలానికి చీర ఉయ్యాల, ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి, చేతిలో చింతపండు. గింజలు తీస్తూ కాలు ఆడించేది. ఆ ఒకటిన్నర ముక్కా అయిపోయాక మిగతాదంతా అప్పటికప్పుడు కట్టేదే. పాలవాడు నీళ్ళు కలిపిన వైనం, పెద్దకోడలు పుట్టింటి నుంచి ఇంకా తిరిగిరాని వైనం, ఎరువు తీసుకెళ్ళిన ఇత్తడి గిన్నె పొరుగింట్లోనే ఉండిపోయిన వైనం, అన్నీ ఆ రాగంలోనే. పొరుగావిడ గోడవతల నిలబడి వింటూనే ఉండేది, గిన్నె మాత్రం తిరిగి రాలేదు. పిల్లలం మాత్రం పాలవాడి బాకీ తేలకముందే నిద్రపోయేవాళ్ళం.

జోలకి ఏ రాగమంటే, సంగీతం తెలిసినవాళ్ళు నీలాంబరి అంటారు. ఆ రాగం వింటే ఆవలింత వస్తుందని కచేరీల్లో ఓ నమ్మకం. జోల పాడించుకునేవాళ్ళలో నాకు దేవుడి మీదే జాలి. తిరుమలలో రోజూ చివరి సేవ ఏకాంతసేవ. వెండి భోగ శ్రీనివాసమూర్తిని ఊయల మంచం మీద పడుకోబెడితే, తాళ్ళపాక వంశీకులు లాలి పాడతారు. రద్దీ రోజుల్లో ఆ సేవ జరిగేసరికే అర్ధరాత్రి దాటుతుంది. మూడు గంటల ప్రాంతంలో సుప్రభాతం. అంత గొప్ప జోల పాడించుకుని ఇంత కొంచెం నిద్రపోయేవాడు ఇంకొకడు లేడు.

నిద్ర విలువ తెలిసి పాటలు కట్టింది మన ఆడవాళ్ళే. ‘ఊర్మిళాదేవి నిద్ర’లో ఆవిడ పద్నాలుగేళ్ళు పడుకుని, తీరా మొగుడొచ్చి లేపితే ఎవడో పరాయివాడనుకుని, పరస్త్రీల మీద కన్నేసినవాళ్ళకు పట్టిన గతి ఏకరువు పెడుతుంది. నిద్ర చెడితే ఎవరైనా అంతే. దాని తోబుట్టువు ‘లక్ష్మణదేవర నవ్వు’ నాకింకా ఇష్టం. అడవిలో కాపలా ఉన్నన్నాళ్ళూ తన జోలికి రావద్దని నిద్రాదేవిని ఒప్పించిన లక్ష్మణుడి దగ్గరికి, గడువు తీరగానే ఆవిడ నిండు సభలో వచ్చి నిలబడుతుంది. సరిగ్గా పట్టాభిషేకం వేళ! ఆయన పకపకా నవ్వుతాడు. ఇంకేం, సభలో ప్రతివాడూ ఆ నవ్వు తనమీదేననుకుంటాడు. సుగ్రీవుడికి తన పాత సంగతులు, విభీషణుడికి తన ఇంటి గుట్టు, ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి గుర్తొచ్చి తలలు వాలిపోతాయి. శివుడంతటివాడికీ తప్పలేదు. రాముడికి కోపం తలకెక్కుతుంది.