షేర్వానీ బ్యాగులోనే ఉండిపోయింది

ఆన్‌సైట్‌కి అట్లాంటా వెళ్లినప్పుడు ఓక్లాండ్ శ్మశానం చూశా. అక్టోబర్ రాత్రుల్లో అక్కడ పాతకాలం బట్టలేసుకున్న నటులు సమాధుల పక్కన నిలబడి, పోయినవాళ్లే మాట్లాడుతున్నట్టు వాళ్ల కథ చెబుతారు. మన పాతబస్తీలో ఇలా చేస్తే?

మాది గౌలిపురా. దగ్గర్లోనే దాయిరా మీర్ మోమిన్. 1591లో చార్మినార్ కట్టిన కులీ కుతుబ్‌షాకి పేష్వా మీర్ మోమిన్. ఈ ఊరికి ప్లాన్ గీసింది ఆయనేనంటారు. ఆయన సమాధి అక్కడే. 1883లో చనిపోయిన దివాన్ మొదటి సాలార్‌జంగ్‌దీ అక్కడే. చిన్నప్పుడు ఆ గోడ పక్కనుంచే స్కూల్‌కి వెళ్లేవాణ్ని. లోపల ఎవరున్నారో ఎవరూ చెప్పలేదు.

తిరిగొచ్చాక ఫ్రెండ్‌ని తీసుకెళ్లా. వాడికి షేర్వానీ వేసి, సాలార్‌జంగ్‌లా మాట్లాడించి రీల్ తీద్దామని ప్లాన్. గేటు దాటామో లేదో, ఓ కొత్త సమాధి మీద గులాబీ రేకులు చల్లుతూ ఒక పెద్దాయన. మాకు నోరు పెగల్లేదు. బ్యాగు జిప్ కూడా తియ్యలేదు.

కాసేపటికి ఆయనే "ఆవో బేటా" అని పిలిచి, సమాధులన్నీ తిప్పి చూపించాడు. వేషం లేదు, మైకు లేదు. అయినా గంటసేపు కదల్లేదు మేం.

వచ్చే ఆదివారం ఆఫీసు వాళ్లని నలుగుర్ని తీసుకెళ్తున్నా. ఈసారి కథ చెప్పేది నేనే. జీన్స్‌లోనే, మెల్లగా.