అయత్నసిద్ధ స్వాస్థ్యం

మా తమ్ముడి కూతురు డీఎస్సీకి చదువుతోంది. ఆదివారం మధ్యాహ్నం నాకు పేషెంట్లు ఉండరని దానికి తెలుసు. గైడు చంకన పెట్టుకుని వచ్చేస్తుంది. మిగతా సబ్జెక్టులు తనే చూసుకుంటుంది గానీ సైకాలజీకి మాత్రం నేను కావాలి. "డాక్టరువి కదా పెదనాన్నా, నీకు రాకుండా ఎలా ఉంటుంది?" అంటుంది. మా రోజుల్లో ఎంబీబీఎస్‌లో మనసు గురించి ఎంత చెప్పారో ఆ పిల్లకు తెలియదు. తెలియకపోవడమే నా పరువుకు మంచిది.

మొన్న వచ్చీ రాగానే ఒక బిట్టు అడిగింది. స్లిప్ టెస్టు బాగా రాసినవాళ్లకు ఆ రోజు హోంవర్కు ఉండదన్నాడు టీచరు. దాంతో పిల్లలు చదవడం పెరిగింది. ఇది ధనాత్మక పునర్బలనమా, రుణాత్మక పునర్బలనమా, దండనా, విరమణా?

"ధనాత్మకం" అన్నాను ఠక్కున. పిల్లలకు మంచే జరిగింది కదా మరి. అది వెనక పేజీ తిప్పి కీ చూపించింది. రుణాత్మకం.

ఇక్కడ ధనం, రుణం అంటే మంచీ చెడూ కాదు, కూడికా తీసివేతా. ఇష్టమైనది కలిపితే ఆ పని ఇంకా చేస్తాం, అది ధనాత్మకం. బాధపెట్టేది తొలగితే కూడా ఆ పని ఇంకా చేస్తాం, అది రుణాత్మకం. దండన దారి వేరు, అది పనిని మాన్పించడానికి. తలనొప్పికి మాత్ర మింగితే నొప్పి పోతుంది, మళ్లీ నొప్పి వచ్చినప్పుడు చెయ్యి దానంతటదే మాత్రల డబ్బా వైపు వెళుతుంది. ఇందులో దండన ఎక్కడుంది? ఇంత చిన్న లెక్క తప్పినందుకు సిగ్గేసింది. నిజానికి బిట్టు తప్పినందుకు కాదు. ఈ తీసివేత లెక్క తెలియక ఒక కుర్రవాడి జబ్బును ఏడాదిన్నర పాటు నా చేతులతో నేనే ముదరబెట్టాను. అది గుర్తొచ్చింది. పిల్లకు అప్పుడే చెప్పబుద్ధి కాలేదు. "మొదట్నుంచీ అప్పజెప్పు" అన్నాను.

మొదలంటే పావ్లోవే. కుక్క, గంట, మూతి కింద గొట్టం, గైడులో బొమ్మ కూడా వేశారు. గంటే అంత పేరు మోసింది గానీ ఆయన మెట్రోనోములు, బజర్లు కూడా వాడాడు. 1904లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చింది జీర్ణరసాల మీద చేసిన పనికి, ఈ పాఠానికి కాదు. కడుపు సంగతి చూద్దామని కూర్చున్న మనిషికి మనసు అడ్డం వచ్చింది. తిండి నోట్లో పడకముందే, తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే కుక్కలకు చొంగ కారుతుంటే ఏం లెక్కలు కడతాడు? వేరొకరైతే విసుక్కుని ఆ కుక్కలను మార్చేవారేమో. ఆయన ఆ చప్పుడు వెంట పడ్డాడు.

"తిండి నిర్నిబంధిత ఉద్దీపన, గంట నిబంధిత ఉద్దీపన" అని పిల్ల అప్పజెబుతుంటే నాకు పొన్నూరు బస్టాండు కనబడింది.

ఒకావిడ రొమ్ము క్యాన్సరుకు మూడు వారాలకోసారి గుంటూరు వెళ్లి కీమో ఎక్కించుకునేది. (ఇక్కడ నేను చెప్పే మనుషులెవరూ గుర్తుపట్టేలా ఉండరు, ఆనవాళ్లు మార్చాను.) మొదటి రెండు విడతలూ మందెక్కిన సాయంత్రం వాంతులు. మూడో విడత నుంచి బాపట్లలో ఎక్కిన బస్సు పొన్నూరు చేరేసరికే మొదలు. ఇంకా సూది పడలేదు, సెలైను ఎక్కలేదు. ఇంట్లోవాళ్లు "అంతా నీ భయమే, మనసు గట్టి చేసుకో" అంటున్నారట. "నేను నాటకాలాడుతున్నానా డాక్టరుగారూ?" అని అడిగింది. ఆ అడగడంలో వాంతుల బాధ కన్నా అవమానం ఎక్కువ ఉంది.

నాటకం కాదు. పొన్నూరు ఆవిడకు గంట. మనసు ఎంత గట్టిదైనా పొట్ట ఈ పాఠం నేర్చుకుంటుంది, మనల్ని అడిగి నేర్చుకోదు. అందుకే కీమో మొదటి విడత నుంచే వాంతులను మందులతో గట్టిగా అదుపు చేయాలంటారు. వాంతి రాకపోతే పొన్నూరుకు జతపడేదే ఉండదు. ఒకసారి జతపడ్డాక ఆ మందులకు అంత తేలిగ్గా లొంగదు.

ఆవిడే ఇంకోమాట చెప్పింది. మొదటి కీమో రోజు పొద్దున ఇష్టమని గోంగూర పచ్చడితో అన్నం తిని వెళ్లిందట. ఇప్పుడు పక్కింట్లో గోంగూర ఉడికినా కిటికీ మూసేస్తుందట. గుంటూరు ప్రాంతపు ఆడబిడ్డకు ఇంతకన్నా శిక్ష ఏముంటుంది! దీనికి శాస్త్రం ఉంది. 1955లో జాన్ గార్షియా, ఆయనతో పనిచేసినవాళ్లూ ఎలుకలకు శాకరిన్ కలిపిన తియ్యటి నీళ్లు ఇచ్చి రేడియేషన్ పెట్టారు. ఆ తర్వాత ఎలుకలు ఆ తీపిని దగ్గరికి రానివ్వలేదు. ఒక్కసారికే. రుచికీ వికారానికీ మధ్య గంటల ఎడం ఉన్నా సరే. గంటకూ తిండికీ మధ్య క్షణాల తేడా ఉండాలని నమ్మిన పండితులకు ఈ మాట చాలాకాలం మింగుడుపడలేదు. తర్వాత, 1978లో, ఐలీన్ బెర్న్‌స్టీన్ కీమో తీసుకునే పిల్లలకు మందుకు ముందు ఒక కొత్త రుచి ఐస్‌క్రీమ్ పెట్టి చూసింది. వాళ్లూ దాన్ని ఏవగించుకోవడం నేర్చుకున్నారు. ఆమె బృందమే ఆ తర్వాత ఇంకో ఉపాయం కూడా చూసింది. భోజనానికీ మందుకూ మధ్య ఘాటు రుచి ఉన్న మిఠాయి ఇస్తే, ఏవగింపు చాలావరకు ఆ మిఠాయి మీదికి పోతుంది, అన్నం బతికిపోతుంది. ఆ గోంగూర సంగతి విన్నప్పటి నుంచి కీమోకు వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఆ రోజు మీకు ప్రాణమైన కూర తినకండి. ఏదో ఒకటి తినండి, జేబులో రెండు అల్లం మురబ్బాలు పెట్టుకోండి. పోతే మురబ్బా పోతుంది.

తెల్లకోటు బీపీ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి దాని మీద ఎక్కువసేపు ఉండను. ఇటలీలో మాన్‌చియా బృందం 1983లో ధమనిలోనే సన్నగొట్టం పెట్టి కొలిస్తే, డాక్టరు గదిలోకి రాగానే పై అంకె సగటున 27 దాకా లేచిందట. మా రిటైర్డ్ హెడ్మాస్టరుగారికి నా దగ్గర 170, ఇంట్లో అరుగు మీద 130. ఆయన ఇంటి అంకెల కాగితం తెచ్చేదాకా ఒక మాత్ర ఎక్కువే వాడించాను. జీవితమంతా పిల్లలను భయపెట్టిన మనిషి నన్ను చూసి భయపడడమేమిటని ఒకసారి అడిగాను. "నువ్వూ నా దగ్గర చదువుకున్నవాడివే కదయ్యా, పగ తీర్చుకుంటావేమోనని" అన్నాడు.

ఇక ఆ కుర్రవాడు. చివరికి వాడి సంగతి పిల్లకు చెప్పేశాను. డిగ్రీ అయి, విజయవాడలో చిన్న ఉద్యోగంలో చేరి, బాపట్ల నుంచి రోజూ రైల్లో వెళ్లివచ్చేవాడు. వాళ్ల మేనమామ అప్పటికి రెండు నెలల కింద గుండెపోటుతో పోయాడు. ఒకరోజు కిక్కిరిసిన బోగీలో, తెనాలి దాటాక, గుండె దడదడలాడి, ఊపిరందక, చేతులు తిమ్మిరెక్కి చచ్చిపోతున్నాననుకున్నాడు. దిగి వెనక్కి వచ్చి తిన్నగా నా దగ్గరికే. ఈసీజీ తీశాను. మామూలుగా ఉంది. రక్తపరీక్ష, థైరాయిడ్, అన్నీ మామూలే. "ఏమీ లేదురా అబ్బాయ్" అన్నాను. మొహం విప్పారింది. దడ అక్కడికక్కడే పోయింది.

ఆ మొదటి ఈసీజీ తీయాల్సిందే. గుండె బరువంటూ వచ్చినవాడిని చూడకుండా మనసే అని పంపేసే డాక్టరును నేను క్షమించను. రెండోదీ సరే. కానీ వాడు మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాడు. రైలెక్కగానే దడ, తర్వాతి స్టేషన్లో దిగడం, వెనక్కి రావడం, ఈసీజీ, "ఏమీ లేదు", హాయి. కాగితాలు లెక్కపెడితే పదిహేడు ఉన్నాయి. ఈలోగా ఉద్యోగం పోయింది. రైలు మానేశాడు, తర్వాత బస్సు, తర్వాత సినిమా హాలు. చివరికి మా ఆస్పత్రి కనబడనంత దూరం వెళ్లడం మానేశాడు.

భయం రైలుకు అంటుకోవడం పావ్లోవ్ పాఠం. అంటుకున్న భయం ఎందుకు ఆరలేదన్నదే ప్రశ్న. దానికి మనస్తత్వవేత్త మౌరర్ 1947లో చెప్పిన జవాబు ఈ రుణాత్మక పునర్బలనమే. దిగిన ప్రతిసారీ బాధ తొలగింది, కాబట్టి దిగడం బలపడింది. దిగకపోయి ఉంటే పది పదిహేను నిమిషాల్లో దడ దానంతటదే దిగివచ్చేదని తెలుసుకునే అవకాశమే వాడికి రాలేదు. నా ఈసీజీ చేసిన పనీ అదే. నేను తీసింది గుండె బొమ్మ అనుకున్నాను. తీసింది వాడి భయాన్ని, అదీ ఒక పూటకు. రోగికి ధైర్యం చెప్పడం మా వృత్తిలో పుణ్యం అనుకుంటాం. మోతాదు దాటితే అదీ మందే, దానికీ అలవాటు పడతారని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినవాళ్లున్నా నేను వినలేదేమో.

దారి చూపించింది గుంటూరులో ఉన్న నా క్లాస్‌మేటు, సైకియాట్రిస్టు. "ఈసీజీ మెషీన్‌కు తాళం వెయ్యి, వాడిని రైలెక్కించు" అన్నాడు. మందు కొంత రాశాడు, పద్ధతి ఎక్కువ చెప్పాడు. మా పిల్ల గైడులో వాట్సన్, రేనర్లు 1920లో ఆల్బర్ట్ అనే పసివాడికి తెల్ల ఎలుకంటే భయం నేర్పిన ప్రయోగం పేజీన్నర ఉంది. 1924లో మేరీ కవర్ జోన్స్ పీటర్ అనే పిల్లవాడికి కుందేలంటే ఉన్న భయం పోగొట్టిన సంగతి రెండు లైన్లు కూడా లేదు. వాడు ఇష్టమైనది తింటూ ఉంటే కుందేలును రోజుకు కాస్త దగ్గరగా జరుపుతూ వచ్చింది, అంతే. భయపెట్టినవాళ్ల పేర్లు బిట్టుగా వస్తాయి, భయం తీసినావిడ పేరు రాదు.

మా కుర్రవాడికి కుందేలు ప్యాసింజరు రైలు. మొదటి వారం బాపట్ల ప్లాట్‌ఫారం మీద కూర్చోవడం, బండి వచ్చి పోవడం చూడడం. తర్వాత అప్పికట్ల దాకా, ఒక్క స్టేషను. తర్వాత నిడుబ్రోలు. షరతు ఒకటే, దడ వచ్చినా మధ్యలో దిగకూడదు, ఫోను చేయకూడదు. నిడుబ్రోలు దగ్గర రెండు వారాలు ఆగిపోయాడు. ఆ తర్వాత తెనాలి, చివరికి విజయవాడ. నాలుగు నెలలు పట్టింది. విజయవాడ నుంచి ఒక కిలో స్వీట్లు తెచ్చాడు, నాకు షుగరని తెలిసీ.

పిల్ల ఇక్కడ ఆపి, "అంటే విరమణ. తర్వాత అయత్నసిద్ధ స్వాస్థ్యం వస్తుంది పెదనాన్నా" అంది. నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాగలేదు. గంట కొట్టి కొట్టి తిండి పెట్టకపోతే కుక్కకు చొంగ ఆగిపోతుంది, అది విరమణ. కొన్నాళ్లు ఊరకుండి మళ్లీ గంట కొడితే చొంగ తిరిగి వస్తుంది. ప్రయత్నమేమీ లేకుండా తిరిగొచ్చిందని దానికి ఆ పేరు పెట్టారు తెలుగు పండితులు. కుక్క చొంగకైతే స్వాస్థ్యమే కావచ్చు. నా గదిలో దాన్ని జబ్బు తిరగబెట్టిందంటారు. ఇంత శుభకరమైన పేరు గల చెడ్డవార్త వైద్యంలో ఇంకోటి లేదు.

పేరెలా ఉన్నా విషయం గట్టిది. ఆగిన పాఠం చెరిగిన పాఠం కాదు. పాతదాని మీద కొత్తది రాస్తాం, పాతది కింద ఉంటుంది. 1924లో లెనిన్‌గ్రాడ్‌లో వరద వచ్చి పావ్లోవ్ కుక్కల గదులు మునిగాయి. వాటిని ఈదించి బయటికి తెచ్చారు. కొన్నింటికి నేర్చిన పాఠాలు చెదిరిపోయాయి. వాటిలో ఒకటి మెల్లగా కోలుకుని మళ్లీ పాఠం అప్పజెప్పే దశకు వచ్చాక, తలుపు కింద నుంచి సన్నటి నీటిధార వదిలారు. అంతే, వరద భయమంతా తిరిగొచ్చింది.

మా కుర్రవాడికీ ఎనిమిది నెలలకు దడ తిరిగొచ్చింది, వాళ్ల నాన్నకు ఛాతీలో నొప్పి వచ్చి ఆస్పత్రిలో చేర్చిన వారంలో. రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చి, చొక్కా గుండీలు తనే విప్పుకుని బల్ల మీద పడుకున్నాడు. నాడి చూశాను, స్టెతస్కోపు పెట్టాను, నాలుగు ప్రశ్నలు వేశాను. పాత దడే. ఈసీజీ బండి మంచం పక్కనే ఉంది. వాడు దాన్నే చూస్తున్నాడు, నేనూ దాన్నే చూస్తున్నాను. తీయకుండా ఉండడం నాకే కష్టమైంది. "కూర్చో, టీ తాగుదాం" అన్నాను. వాడు తిట్టుకునే ఉంటాడు. ఇరవై నిమిషాలకు నాడి నూట ఇరవై నుంచి ఎనభై ఎనిమిదికి దిగింది. వాడి వేళ్లు పట్టించి వాడితోనే లెక్కపెట్టించాను. మర్నాడు పొద్దున మళ్లీ అప్పికట్ల ప్యాసింజరు. ఈసారి విజయవాడకు పది రోజులే పట్టింది.

పిల్ల పెన్ను మూత నములుతూ అంతా వింది. గైడులో ఎక్కడో ఒక గీత గీసుకుంది. తర్వాత తలెత్తకుండానే అడిగింది.

"ఆ పదిహేడు ఈసీజీలకూ డబ్బులు తీసుకున్నావా పెదనాన్నా?"

"తీసుకున్నాను."

"అది నీకు ధనాత్మకం" అంది.