లేఖకుల రాజధాని బీదరు

బీదరు పట్టణమునకు సమీపమున, ఎఱ్ఱరాతి పీఠభూమిపైని కందిచేల నడుమనున్న బగ్దల్ గ్రామమున నిలిచి చూచువానికి, ఐరోపా పండితులు పునరుజ్జీవనమని పిలుచు మహోద్యమము సుదూరవిషయముగా తోచుట సహజము. 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రమున నుండి, పిదప మైసూరులో చేరిన ఈ సీమలో కన్నడము, ఉర్దూ, మరాఠీ, తెలుగు నాలుగును సంతలో కలసి వినవచ్చును. ఫ్లారెన్సు నగరమున మెడిచీలు ప్లేటో గ్రంథములను అనువదింపించుచున్న కాలముననే, ఈ పల్లెకు పొరుగునున్న బీదరులో, బహమనీ ప్రధాని మహమూద్ గవాను 1472లో ఒక మహావిద్యాలయమును కట్టించెను.

ఇరాను దేశపు గీలానునుండి 1453లో వర్తకుడై వచ్చిన గవాను ఆ మద్రసాలో మూడువేల వ్రాతప్రతులతో గ్రంథాలయమును నెలకొల్పెననియు, విద్యార్థులకు అన్నవస్త్రములు ఉచితముగా నొసంగెననియు చరిత్రకారులు వ్రాసిరి. ఆ అన్నము ఇట్టి పల్లెల చేలలోనే పండియుండును గాని, ఆ పంటకాపుల బిడ్డలు ఆ గడప త్రొక్కిరని తలంచుటకు నాకు మనసొప్పదు. మూడంతస్తుల ఆ కట్టడమున నేటికిని మిగిలిన ఒంటి మీనారు చెంతకు పోయి చూచినచో, నీలము, పసుపు, తెలుపు వన్నెల మెఱుగుపలకలు వంకరటింకర చాళ్లుగా పైకెగబ్రాకుట కనబడును. పలకలూడిన చోట్ల లోపలి కట్టుబడి బయల్పడి యుండును.

అయితే గవాను నిజమైన కళ లేఖారచన. ఆయన లేఖలు రియాజుల్ ఇన్షా యను సంపుటముగా నిలిచినవి. ఆయన హెరాతులోని జామీ మహాకవికిని, తురుష్క సుల్తానగు రెండవ మెహమ్మదుకును వ్రాసినాడు. ఫ్లారెన్సులో సలుతాతి, బ్రూని వంటి మానవతావాదులును రాజ్యకార్యాలయపు లేఖకులే గదా! ప్రాచీన సాహిత్యమును జీర్ణించుకొన్న వాక్యమే రాజ్యమునకు అలంకారమను విశ్వాసము ఉభయత్ర నొక్కటియే. తెలుగునాటను ఈ విద్య కొఱవడలేదు: భీమఖండమును కృతిగొన్న బెండపూడి అన్నయామాత్యుడు పారసీక భాషలో వ్రాయుటయందు దిట్టయని శ్రీనాథుడు అంతకు మున్నే కొనియాడియున్నాడు.

లేఖలతో కీర్తిగన్న ఆ మంత్రిని లేఖయే బలిగొనెను. స్థానిక పక్షపు సరదారులు ఆయన ముద్రాధికారికి మద్యము త్రాగించి, ఒక వట్టి కాగితముపై ముద్ర వేయించుకొని, ఒరిస్సా గజపతిని దండయాత్రకు ఆహ్వానించుచున్నట్లు దానిపై దొంగలేఖను సృష్టించిరి. 1481 ఏప్రిలులో, కృష్ణాతీరపు కొండపల్లి విడిదిలో, ముద్ర తనదేగాని వ్రాత తనది కాదని గవాను విన్నవించినను, బహమనీ సుల్తాను మూడవ మహమ్మదు షా ఆలింపక శిరశ్ఛేదము చేయించెను. వెదకి చూడగా మంత్రి సొంత పెట్టెలో ధనము స్వల్పము. పశ్చాత్తప్తుడైన సుల్తాను మరుసటి యేడే మరణించెను. రాజ్యము ఐదు తునుకలయ్యెను.

మద్రసాకును కష్టకాలము రానే వచ్చెను. మొగలాయి ఏలుబడిలో, 1696 ప్రాంతమున, అందు దాచిన తుపాకిమందు ప్రేలి ముఖభాగమున సగమును, రెండవ మీనారును కూల్చివేసెను. ఇరువదవ శతాబ్దిలో హైదరాబాదు పురావస్తుశాఖ శ్రద్ధవహించి బాగుచేయించినది. ఆ శాఖకు అధిపతిగా నుండిన గులాం యజ్దానీ 1947లో ప్రకటించిన బీదరు చరిత్రగ్రంథము నేటికిని పరిశోధకులకు శరణ్యము.

నా మట్టుకు, ఈ విద్యాభిరుచి అక్కడితో అంతరించెనని చెప్పజాలను. బీదరు కొలువున పైకి వచ్చిన కులీ కుతుబుల్ ముల్కు గోలకొండలో వంశస్థాపకుడయ్యెను. అతని కుమారుడగు ఇబ్రహీం కుతుబ్ షాకు అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అంకితమిచ్చెను. పొన్నెగంటి తెలగన్న తన యయాతి చరిత్రమును, తొలి అచ్చతెనుగు కావ్యమును, పటాన్‌చెరువు అధికారి అమీను ఖానునకు కృతియిచ్చెను. బగ్దల్ వారు హైదరాబాదునకు పోవుటకు జహీరాబాదు బాట పట్టినచో, ఆ పటాన్‌చెరువు మీదుగానే పోవలెను.